దిగుమతి ఏకే రైఫిల్‌కు మిలిటరీ హంగులు: ముందు పద్దు, తర్వాత పానా

డల్లాస్ చుట్టుపక్కల శనివారం పొద్దున్నే షూటింగ్ రేంజ్‌కు వెళితే ఈమధ్య తెలుగు మాటలు బాగానే వినిపిస్తున్నాయి. కొత్తగా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు, పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఒక రైఫిల్ కొనుక్కుంటారు. నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, నా రొమేనియా ఏకేకి మడత స్టాక్, ఫ్లాష్ హైడర్ పెట్టుకోవచ్చా?" స్టాక్ అంటే భుజానికి ఆనించుకునే వెనక భాగం, ఫ్లాష్ హైడర్ అంటే పేలినప్పుడు గొట్టం చివర వచ్చే మంటను తగ్గించేది.

టెక్సాస్ లాంటి రాష్ట్రంలో ఉంటే పెట్టుకోవచ్చు. కాకపోతే బయటి దేశం నుంచి వచ్చిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు ఫెడరల్ చట్టంలో ఒక లెక్క ఉంది. అమెరికాలోనే తయారైన ఏఆర్-15 కొన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు. మన చేతిలో ఉన్నది రొమేనియాదో, సెర్బియాదో, రష్యాదో అయితే మాత్రం స్క్రూ తిప్పకముందే కాగితం మీద కూడికలు, తీసివేతలు చేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో, వేశాక ఏది ఎలా బిగించాలో చెబుతాను. నేను లాయర్‌ని కాదు. పన్నెండేళ్లుగా ఈ సరదా ఉన్నవాణ్ని, అంతే.

ముందు మీ వీసా చూసుకోండి

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అది లేకుండా స్నేహితుడి రైఫిల్‌ను రేంజ్‌లో పది నిమిషాలు చేతపట్టుకున్నా 'దగ్గర ఉంచుకోవడం' కిందికే రావచ్చు. గ్రీన్‌కార్డుకు అప్లికేషన్ పెట్టడం వేరు, గ్రీన్‌కార్డు చేతికి రావడం వేరు. కొట్లో నింపే ఫామ్ 4473లో వీసా సంగతి సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అదొక విడి నేరం.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఇంకో మాట. తుపాకీ చట్టాల కింద శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే కారణంగా సరిపోతుంది. "ఆ పార్టుల లెక్క ఎవడు చూస్తాడులే" అని రేంజ్‌లో తాపీగా మాట్లాడేవాళ్లు చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. పట్టుబడితే వాళ్లకు పోయేదీ మనకు పోయేదీ ఒకటి కాదు.

తర్వాత రాష్ట్రం

న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, మసాచుసెట్స్, కనెక్టికట్, మేరీల్యాండ్, డెలావేర్, ఇల్లినాయి, వాషింగ్టన్... ఈ రాష్ట్రాల్లో 'అసాల్ట్ వెపన్' చట్టాలున్నాయి. ఇల్లినాయిలో 2023 జనవరిలో, వాషింగ్టన్‌లో అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చాయి. కొన్ని చోట్ల ఏకే అన్న పేరుకే నిషేధం, కొన్ని చోట్ల హంగులను బట్టి నిషేధం. ఎడిసన్‌లో, బే ఏరియాలో, షికాగో శివార్లలో, సియాటిల్‌లో ఉన్న మనవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి ఒక స్థానిక లాయర్‌ను అడగడం మేలు. కింద రాసిందంతా ఫెడరల్ చట్టం గురించే. రాష్ట్రం కాదన్నదాన్ని అది అవునని చెప్పలేదు. టెక్సాస్ నుంచి ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్లేవాళ్లు సామాను లారీలో రైఫిల్ ఎక్కించేముందు ఇది గుర్తు చేసుకోవాలి.

ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చింది

1989 జనవరి 17న కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఒకడు చైనా తయారీ ఏకే రకం రైఫిల్‌తో కాల్పులు జరిపాడు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఆ ఏడాదే బుష్ ప్రభుత్వం 43 రకాల రైఫిళ్ల దిగుమతి ఆపేసింది. దానికి ఆధారం కొత్త చట్టమేమీ కాదు. 'వేటకూ క్రీడకూ పనికొచ్చేవే దిగుమతి చేసుకోవాలి' అని 1968 నుంచీ ఉన్న నిబంధనే. మడత స్టాక్, విడిగా ఉండే పిస్టల్ గ్రిప్, బయొనెట్ తగిలించే లగ్, ఫ్లాష్ సప్రెసర్ (ఫ్లాష్ హైడరే), బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ల స్టాండు), గ్రెనేడ్ లాంచర్, నైట్ సైట్ వంటివి మిలిటరీ లక్షణాలన్నారు. 1998లో ఇంకో అడుగు వేసి, పెద్ద మిలిటరీ మ్యాగజైన్ పట్టే రైఫిళ్లను కూడా ఆపారు.

మరి ఆ రైఫిల్‌ను విడి భాగాలుగా తెప్పించుకుని ఇక్కడ బిగించుకుంటే? ఆ సందును 1990లో మూశారు. అదే 922(ఆర్). దిగుమతి చేయకూడని రూపంలో ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను దిగుమతి భాగాలతో 'అసెంబుల్' చేయకూడదు అంటుంది ఆ సెక్షన్. ఎన్ని భాగాలుంటే తప్పు? దానికి తుపాకీ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నిబంధన 20 భాగాల జాబితా ఇచ్చి, అందులో దిగుమతివి 10కి మించకూడదంది. తెలిసి ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు.

అందుకే రొమేనియాలోని కుగిర్ ఫ్యాక్టరీలో తయారయ్యే వాసర్-10, తూటాలు ఒకే వరసలో ఉండే చిన్న మ్యాగజైన్ మాత్రమే పట్టే బుద్ధిమంతుడి రూపంలో ఓడ దిగేది. ఇక్కడ దిగుమతిదారు మ్యాగజైన్ గూడు వెడల్పు చేసి, కొన్ని అమెరికా భాగాలు వేసి అమ్మేవాడు. రష్యా సైగా అయితే అచ్చం వేట తుపాకీలా వచ్చేది. 2014 ఆంక్షల తర్వాత ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి రొమేనియావి, సెర్బియా జస్తావావి.

పద్దు రాయండి

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత కొట్టండి. ఎడమ పక్క 'దిగుమతి', కుడి పక్క 'అమెరికా'. జాబితాలో 20 ఉన్నా ఏ రైఫిల్‌కూ అన్నీ ఉండవు. ఏకే రకానికి సాధారణంగా వచ్చే లెక్క 16:

1. రిసీవర్ (మిగతా భాగాలు కూర్చునే ఒళ్లు)
2. బ్యారెల్ (గొట్టం)
3. ట్రనియన్ (మౌంటింగ్ బ్లాక్)
4. మజిల్ బ్రేక్ (గొట్టం చివర ఉండి వెనక్కి తన్నడం తగ్గించేది) లేదా ఫ్లాష్ హైడర్
5. బోల్ట్
6. బోల్ట్ క్యారియర్
7. గ్యాస్ పిస్టన్
8. ట్రిగ్గర్
9. హ్యామర్
10. డిస్కనెక్టర్ (ట్రిగ్గర్ నొక్కి ఉండగా హ్యామర్‌ను పట్టి ఉంచేది)
11. స్టాక్
12. పిస్టల్ గ్రిప్
13. హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ దగ్గర ముందు చేత్తో పట్టుకునే భాగం)
14. మ్యాగజైన్ బాడీ
15. మ్యాగజైన్ ఫాలోవర్ (తూటాలను పైకి నెట్టే పలక)
16. మ్యాగజైన్ ఫ్లోర్‌ప్లేట్ (అడుగు మూత)

గొట్టం చివర ఏమీ లేకుండా మరలు కాపాడే నట్టు మాత్రమే ఉంటే నాలుగోది ఉండదు, మొత్తం 15. అన్నీ బయటివే అనుకుంటే 16లో ఆరు మార్చాలి. ఏ ఆరు? మొదటి మూడింటిని ఇంట్లో మార్చే పని లేదు. బోల్ట్, క్యారియర్, పిస్టన్ ముట్టుకోకపోవడమే మంచిది, ఫ్యాక్టరీలో కూర్చిన కొలతలవి. మిగిలేవి ట్రిగ్గర్ సెట్టు (మూడు), గ్రిప్ (ఒకటి), స్టాక్ (ఒకటి), హ్యాండ్‌గార్డ్ (ఒకటి). సరిగ్గా ఆరు! దిగుమతి పక్క పది మిగులుతాయి. మజిల్ బ్రేక్ కూడా అమెరికాది వేస్తే తొమ్మిది, కాస్త ఊపిరి.

కొట్లో కొన్న రైఫిల్‌లో దిగుమతిదారు కొన్ని ముందే మార్చి ఉంటాడు. అవేవో ఊహించకండి. అమ్మిన సంస్థకు ఈమెయిల్ పెట్టి మీ మోడల్‌లో ఏ భాగాలు అమెరికావో రాతపూర్వకంగా తెప్పించుకోండి. చాలా అమెరికా భాగాల మీద చిన్నగా 'యూఎస్' అనో తయారీదారు గుర్తో ఉంటుంది. అలా ఉండి తీరాలన్న నియమం లేదు కాబట్టి గుర్తు లేనిదాన్ని నేను దిగుమతి పక్కే రాస్తాను. ఒకసారి నెట్‌లో తెప్పించిన గ్రిప్ డబ్బా మీద పెద్ద అమెరికా జెండా ఉంది. లోపల అట్ట మీద చిన్న అక్షరాల్లో వేరే దేశం పేరు. జెండా చూసి లెక్క రాసుకుని ఉంటే పది కాస్తా పదకొండయ్యేది.

జాబితాలో లేని భాగాలను దిగుమతి చేసినవే వాడినా లెక్కకు రావు. గ్యాస్ ట్యూబ్, పై మూత, స్ప్రింగులు, సేఫ్టీ లీవర్, సైట్లు, స్లింగ్, ఆప్టిక్, దాని మౌంట్, టార్చిలైటు, ముందు నిలువు పిడి... ఇవన్నీ అంతే. ఇక్కడ మెలిక ఒకటుంది. బైపాడ్ ఈ 20లో లేదు, కాబట్టి అది ఏ దేశానిదైనా అంకె మారదు. కానీ అది పైన చెప్పిన మిలిటరీ లక్షణాల్లో ఉంది. అంటే వేట రూపంలోనే ఉన్న రైఫిల్‌కు దాన్ని తగిలిస్తే అప్పటిదాకా అక్కర్లేని ఈ పద్దంతా అక్కరకొస్తుంది. బైపాడ్ బిగించేవాడు కూడా ముందు పది లెక్క సరిచూసుకోవాలి.

మ్యాగజైన్ దగ్గరే బోల్తా పడేది

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఒకతను చెక్క స్టాక్, చెక్క హ్యాండ్‌గార్డ్ అందం పోకూడదనుకున్నాడు. ట్రిగ్గర్ సెట్టు అమెరికాది వేశాడు, మూడు. మ్యాగ్‌పుల్ ప్లాస్టిక్ మ్యాగజైన్ కొన్నాడు, అది అమెరికాదే, బాడీ, ఫాలోవర్, ఫ్లోర్‌ప్లేట్ కలిసి ఇంకో మూడు. మొత్తం ఆరు. లెక్క సరిపోయింది, సంతోషం. మరుసటి వారం గన్ షోలో బల్గేరియా పాత స్టీలు మ్యాగజైన్లు చవగ్గా దొరికాయి. తెచ్చి ఒకటి తగిలించాడు. ఆ క్షణంలో అమెరికా భాగాలు మూడుకు పడిపోయాయి, దిగుమతివి పదమూడయ్యాయి. స్క్రూడ్రైవర్ పట్టకుండానే, చిన్న టక్కుమన్న చప్పుడుతో రైఫిల్ లెక్క తప్పింది.

అందుకే నా సలహా: మ్యాగజైన్‌ను లెక్కలో నమ్ముకోవద్దు. అది రేంజ్‌లో చేతులు మారుతుంది, పక్కవాడిది తీసుకుంటాం, మనది వాడికిస్తాం. రైఫిల్‌కు అంటిపెట్టుకుని ఉండే భాగాలతోనే ఆరూ పూర్తి చేసుకుంటే ఏ దేశం మ్యాగజైనైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. పాత మ్యాగజైన్ మీదే మోజైతే దానికి అమెరికా ఫాలోవర్, ఫ్లోర్‌ప్లేట్ వేసుకోవచ్చు, రెండు కలిసొస్తాయి. అప్పుడు అన్ని మ్యాగజైన్లకూ వేయాలి. ఒక్కటి మరిచిపోయినా ఆ ఒక్కటే చేతికి వస్తుంది, మన అదృష్టం అలాంటిది.

ఇప్పుడు పానా తీయండి

మ్యాగజైన్ తీయండి. బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, వేలుపెట్టి తడమండి. తూటాలను వేరే గదిలో పెట్టి రండి.

హ్యాండ్‌గార్డ్‌తో మొదలుపెడితే సులువు. గ్యాస్ ట్యూబ్ లీవర్ పైకెత్తి ట్యూబు తీస్తే పై సగం దానితోపాటే వస్తుంది. కింది సగాన్ని పట్టి ఉంచే రిటైనర్‌కు పక్కన చిన్న లీవర్ ఉంటుంది. దాన్ని తిప్పి రిటైనర్‌ను ముందుకు జరిపితే ఊడుతుంది. కొత్త తుపాకీల్లో బిగుతుగా ఉంటాయి, రబ్బరు సుత్తి చాలు. పైదీ కిందిదీ రెండూ అమెరికావే వేయండి. నిబంధనలో హ్యాండ్‌గార్డ్ ఒకే పద్దు కాబట్టి సగం మార్చి ఒకటి కొట్టేసుకోవడం కుదరదు. కొనేముందు మీది రొమేనియా ఏకేఎం కొలతా, యుగోస్లావ్ కొలతా చూసుకోండి. జస్తావా హ్యాండ్‌గార్డ్ పొడవు ఎక్కువ, మూడు గాలి రంధ్రాలుంటాయి. మామూలు ఏకేఎం సామాను దానికి పట్టదు. స్టాక్ విషయంలోనూ ఇదే గొడవ.

గ్రిప్‌కు అడుగునుంచి ఒకే పొడుగు స్క్రూ. విప్పగానే రిసీవర్ లోపల ఉన్న చిన్న నట్టు జారి ట్రిగ్గర్ కిందికి దొర్లుతుంది. తిరిగి బిగించేటప్పుడు దాన్ని వేలితో పట్టుకోవడానికి అందరూ పడే పాట్లే మీరూ పడతారు. చిటికెడు గ్రీజు రాసి అంటించి పెడితే నిలుస్తుంది.

స్టాక్‌కు పైన రెండు స్క్రూలు. చెక్కది ఏళ్లుగా బిగిసి ఉంటే వెనక్కి తట్టాల్సి రావచ్చు. మడత స్టాక్ వేసేవాళ్లు పొడవు సంగతి చూసుకోవాలి: ఫెడరల్ చట్టంలో రైఫిల్ మొత్తం పొడవు 26 అంగుళాలకు, బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకూడదు. మొత్తం పొడవును ఏటీఎఫ్ స్టాక్ తెరిచి కొలుస్తుంది. మామూలు 16 అంగుళాల ఏకేకు ఈ చిక్కు రాదు. బ్యారెల్‌ను కోయించే ఆలోచన ఉంటే మాత్రం అది షార్ట్ బ్యారెల్ రైఫిల్ అవుతుంది, ముందే రిజిస్టర్ చేయించి అనుమతి వచ్చాకే రంపం ముట్టాలి.

మజిల్ బ్రేక్ చూడ్డానికి చిన్న పని. ఏకేఎం రకానికి 14×1 ఎడమ మర ఉంటుంది, అంటే విప్పడానికి మామూలుకు వ్యతిరేకంగా, ముందు వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పాలి. ముందు సైట్ బ్లాక్‌లోంచి పొడుచుకొచ్చే చిన్న పిన్ను నొక్కి పట్టుకోండి. ఇది తెలియక పానాతో బలంగా మామూలు దిక్కుకే తిప్పి బిగించి మరలు చెడగొట్టుకున్నవాళ్లున్నారు. కొత్తదాన్ని చేత్తో తిప్పితేనే నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కాలి. ఎక్కకపోతే మర తేడా, ఆపేయండి. తర్వాత క్లీనింగ్ రాడ్ గొట్టంలో పెట్టి, బ్రేక్ రంధ్రం మధ్యగా వస్తోందో లేదో చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే తూటా దాన్ని తన్నుతుంది.

ట్రిగ్గర్ సెట్టు మార్చడం వీడియోల్లో పది నిమిషాల పనిలా ఉంటుంది. స్ప్రింగు కళ్లలోకి ఎగిరే అవకాశం పక్కనపెడితే, పొరపాటు జరిగితే చట్టం దృష్టిలో చాలా ఖరీదు. నేను మొదటిసారి గన్‌స్మిత్‌కే ఇచ్చాను, మీరూ ఇవ్వండి. రసీదు మీద ఏ తయారీదారు భాగం వేశాడో రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్నాక ఖాళీ తుపాకీతో పరీక్ష చేయండి: ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని, బోల్ట్ వెనక్కి లాగి వదిలి, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా వదలండి. చిన్న క్లిక్ వినిపించాలి. మళ్లీ నొక్కితే హ్యామర్ పడాలి. ఇందులో ఏది జరగకపోయినా తూటా పెట్టకుండా తిరిగి పట్టుకెళ్లండి. ఒక్క నొక్కుకు రెండు తూటాలు పేలే తుపాకీని చట్టం మెషిన్ గన్ అంటుంది. మామూలు జనం కొత్తగా తయారైన మెషిన్ గన్ సంపాదించుకునే దారి 1986 మే 19తో మూసుకుపోయింది.

జోలికి పోకూడనివి

రిసీవర్‌కు కొత్త రంధ్రం వద్దు, ట్రిగ్గర్ భాగాలకు ఆకురాయి వద్దు. వేగంగా పేలుస్తుందని అమ్మే ట్రిగ్గర్ల మీద కోర్టుల్లో, రాష్ట్రాల్లో రోజుకో మాట నడుస్తోంది. ఆ టెన్షన్ మనకెందుకు. సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) కావాలంటే రిజిస్టర్ చేయించి కొనుక్కోండి. 1934 నుంచీ ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1తో సున్నా అయింది గానీ అప్లికేషన్, వేలిముద్రలు, అనుమతి అన్నీ అలాగే ఉన్నాయి. 'సాల్వెంట్ ట్రాప్' (తుపాకీ శుభ్రం చేసే ద్రవాన్ని పట్టేది) పేరుతో నెట్‌లో దొరికే గొట్టాలు కొని సప్రెసర్‌గా మార్చుకుందామనుకుంటే అది నేరుగా జైలు దారి.

పాత యుగోస్లావ్ ఎస్‌కేఎస్ రైఫిల్ ఉన్నవాళ్లు దాన్ని అసలు కదపకపోతే నాకు సంతోషం. పది తూటాల ఫిక్స్‌డ్ మ్యాగజైన్‌తో, పాత వస్తువుల కోటాలో వచ్చిన తుపాకీ అది. ఊడే మ్యాగజైన్ తగిలించిన రోజే ఆ హోదా పోతుంది, పార్టుల లెక్క మెడకు చుట్టుకుంటుంది. పైగా ఆ మ్యాగజైన్లు సరిగా పనిచేయవు కూడా.

కాగితాలు, బీరువా, బ్యాగు

పద్దు రాసిన కాగితం, ప్రతి భాగం రసీదు, దిగుమతిదారు ఈమెయిల్ ప్రింటు, మూడూ ఒక కవర్‌లో పెట్టి సేఫ్‌లోనే ఉంచండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఊడదీసిన పాత భాగాలను పారేయకండి, రైఫిల్ అమ్మేటప్పుడు పాత రూపంలోకి మార్చి ఇవ్వొచ్చు. ఒకదాన్ని మళ్లీ పెట్టిన ప్రతిసారీ పద్దు తిరగరాయాలి.

ఇంట్లో హెచ్-4 మీద భార్యో, ఎఫ్-1 మీద తమ్ముడో ఉంటే సేఫ్ తాళం, నంబరు మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. వాళ్లకు అందుబాటులో ఉందంటే అది వాళ్ల దగ్గర ఉన్నట్టే అనిపించుకునే ప్రమాదం ఉంది.

గొట్టం చివర బరువు మారితే తూటా తగిలే చోటు మారుతుంది. పని పూర్తయ్యాక 25 గజాల దగ్గర కాగితం మీద ఐదు తూటాలు కాల్చి సైట్ సరిచేసుకుని, తర్వాతే వంద గజాలకు వెళ్లండి. పది తూటాల తర్వాత స్టాక్ స్క్రూలు, గ్రిప్ స్క్రూ ఒకసారి తడిమి చూడండి, కొత్తవి తప్పకుండా వదులవుతాయి. నీలం లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేస్తే నిలుస్తాయి.

ఇండియాలో ఉన్న బావమరిది మ్యాగజైనో స్కోప్ మౌంటో పంపమని అడిగితే ఒప్పుకోకండి. తుపాకీ భాగాలు దేశం దాటించడానికి ఇక్కడ ఎగుమతి నిబంధనలున్నాయి, అక్కడ 1959 ఆయుధాల చట్టం ఉంది. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ప్రయాణాలకు ఎప్పుడూ వాడకండి. అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికితే పోలీసు కేసే, ఫ్లైట్ వెళ్లిపోతుంది. మా ఇంట్లో రేంజ్ బ్యాగు మీద తెల్ల మార్కర్‌తో 'ఇది ఊరికి కాదు' అని మా ఆవిడే రాసింది.